రెండక్షరాల టెలిగ్రాం

అనార్గిరోస్ మాస్టారు పోయి నాలుగేళ్ళయింది. ఊళ్ళో మాత్రం ఆయన మీద ఇప్పటికీ ఒకటే వాగుడు. రాతిగుండె మనిషి, కన్నకూతుర్ని గెంటేసి మళ్ళీ పిలవనైనా పిలవలేదు, అని. మొన్న చేపలు కొంటుంటే నా వెనకే ఒకడు నించుని ఇదే పాట. నాకు ఒళ్ళు మండిపోయింది. చేపలక్కడే పారేసి తిరిగాను. "పిలవలేదని నీకెవరు చెప్పార్రా? నువ్వు పక్కనుండి చూశావా?" అని అడిగాను.  మాస్టారు పిలిచారు. ఆ పిలుపు పంపింది ఈ చెయ్యి. దానికొచ్చిన జవాబు కాగితం మీద రాసిచ్చింది కూడా ఈ చెయ్యే. అందుకే ఆయన కథ ఇంకెవరో చెప్పడానికి వీల్లేదు, నేనే చెప్పాలి.

మా దీవి రేవులో తంతి ఆఫీసు కిటికీ వెనక ఇరవై అయిదేళ్ళు కూర్చున్నదాన్ని నేను. మరిగో అంటే చుట్టుపక్కల దీవుల ఆపరేటర్లందరికీ తెలుసు. పెళ్ళిళ్ళు, చావులు, పడవల ఆలస్యాలు, పరీక్షల ఫలితాలు, అన్నీ ముందు నా చెవిలో టకటకమని పడి, ఆ తర్వాతే ఊళ్ళోకి పోయేవి. కానీ దానికంటే ముందు నేను మాస్టారి దగ్గర చదువుకున్నాను. అసలు గొడవంతా అక్కడే మొదలైంది.

మాస్టారు మా నాలుగు తరగతుల పెద్దబడిలో పాత భాష చెప్పేవారు, అంటే మా తాతల తాతలు మాట్లాడిన భాష. ఆగస్టు ఎండలో కూడా నల్లకోటు, మెడదాకా బొత్తాలు. ఎడమ చేతి మీద ఎప్పుడూ సుద్దపొడి. ఇంట్లోనైనా బజార్లోనైనా గ్రాంథికమే మాట్లాడేవారు. కూరల కొట్టుకి వెళ్ళి "రెండు వార్తాకములు దయచేయుము" అనేవారు. కొట్టు సిద్ధెరిస్ ఊరుకుంటాడా? "వార్తలు కావాలంటే మంగలి దగ్గరికి పోండి మాస్టారూ, నా దగ్గర వంకాయలే ఉన్నాయి" అనేవాడు. రోజూ ఇదే తంతు. మాస్టారు ఒక్కసారీ నవ్వలేదు, ఒక్కసారీ వంకాయ అనలేదు.

ఆయనకి ప్రాణం చిన్న మాటల మీద. కాలం చెప్పే మాటలు: నిన్న, రేపు, ఇంకా, అప్పుడే. "పెద్ద పెద్ద క్రియాపదములు గాడిదయును కంఠస్థము చేయగలదు. మనుజుని బుద్ధి ఈ చిన్న పదముల కడనే తేలును" అనేవారు. అందులోనూ ఒక మాట కోసం ఏటా రెండు రోజులు కేటాయించేవారు. ఆ మాట పొతె.

ఇంత చిన్న మాట చుట్టూ ఎంత తిరకాసుందో! ముందు అక్షరం మీద ఒత్తి పలికితే అది ప్రశ్న: ఎప్పుడు? ఆ ఒత్తు తీసేసి, ముందున్న మాట చెయ్యి పట్టుకుని నడిచే ముసలావిడలా మెల్లగా ఆనించి పలికితే, ఎప్పుడో ఒకప్పుడు. "ఉండెను పొతె ఒక రాజు" అంటే ఒకానొకప్పుడు ఒక రాజుండేవాడని. జరిగిపోయినదానికీ అదే, జరగబోయేదానికీ అదే. దాని ముందు 'ఊ' అని కాదనే మాట ఒకటి చేర్చారనుకోండి, అప్పుడు మాత్రమే ఎన్నటికీ కాదు. ఇది పాతవాళ్ళ లెక్క. మేమేమో ఇప్పుడు వీధుల్లో ఆ 'ఊ'ని మింగేశాం. ఉత్త పొతె అని చివరి అక్షరం మీద గట్టిగా ఒత్తితే చాలు, ఎన్నటికీ కాదనే అర్థం. మాస్టారికి అక్కడ మండేది. "సోమరులారా! కాదను మాట పలుకకయే కాదందురా!" అని బల్ల చరిచేవారు.

రాసేటప్పుడు ఒత్తిన అక్షరం మీద చిన్న గీత పెడతాం కాబట్టి ఇబ్బంది లేదు. పాత రాళ్ళ మీద చెక్కినట్టు పెద్దక్షరాల్లో రాస్తే ఆ గీతలుండవు. నాకు పద్నాలుగేళ్ళప్పుడు మాస్టారు నల్లబల్ల మీద పెద్దక్షరాల్లో ఆ ఒక్క మాట రాసి, "మరిగో, దీని అర్థమేమి?" అన్నారు. నేను తడుముకోకుండా "ఎన్నటికీ కాదు" అన్నాను.

"చేయి చాపుము."

చాపాను. వేళ్ళ కణుపుల మీద స్కేలు దెబ్బ. "ఊ ఏదీ? చూపుము. ఊ లేనిచోట ఎన్నటికీ కాదు ఎట నుండి పుట్టినది?"

తరగతంతా గొల్లున నవ్వింది. ఆ ఏడాదంతా నేను ఏ సందులోంచి పోతున్నా గోడల మీంచి "ఊ ఏదే మరిగో?" అని అరుపులే. ఏడ్చుకుంటూ ఇంటికెళితే మా అమ్మ కూడా నవ్వింది. ఆ పాఠం ఇక జన్మలో మర్చిపోననుకున్నాను.

మాస్టారికి ఒక్కతే కూతురు, నాకంటే మూడేళ్ళు చిన్నది. ఊరందరికీ అది ఫ్రోసో. మాస్టారొక్కరే ఎవ్ఫ్రొసీని అని నిండు పేరు పెట్టి పిలిచేవారు, చిన్న పేరు నోట్లోకి రానిచ్చేవారు కాదు. దానికి అయిదేళ్ళప్పుడు తల్లి పోయింది. తండ్రే జడలు వేసేవారు, అవి ఎప్పుడూ ఒకటి పైకి ఒకటి కిందకి ఉండేవి.

వేసవిలో పరీక్ష కాగితాలు దిద్దడానికి మాస్టారు సీరోస్ దీవికి వెళ్ళేవారు. పిల్లని మా ఇంట్లో వదిలేవారు. పడవ కదిలేటప్పుడు ఫ్రోసో నా చెయ్యి విడిపించుకుని రేవు చివరిదాకా పరిగెత్తి, గొంతు చించుకుని ఒకే మాట అడిగేది.

"పొతె?"

ఎప్పుడూ అని. మాస్టారు పడవ మీంచి పాత భాషలో ఒకే మాట విసిరేవారు. 'ఎల్లి' అన్నట్టు, 'మఱునాడు' అన్నట్టు, ఏ రోజుకొస్తారో చెప్పే మాట ఏదో ఒకటి. అది వేళ్ళు లెక్కపెట్టుకుంటూ అర్థం తేల్చుకుని వచ్చి, "మూడు రోజులటే మరిగో" అనేది. ఒకే మాట అడగాలి, ఒకే మాట చెప్పాలి. వాళ్ళిద్దరి ఆట అది. ఆ ఒక్క ఆటలోనే మాస్టారి మొహం మీద నవ్వు చూసిన గుర్తు నాకు. చెప్పిన రోజు దాటి ఒక్కసారీ రాలేదాయన. ఒకసారి తుఫానైతే, పడవలు ఆగిపోతే, సముద్రంలో మునిగి స్పాంజి తీసేవాళ్ళ చిన్న బోటెక్కి, తడిసి ముద్దై, వాంతులు చేసుకుంటూ వచ్చారు. "మాట ఇచ్చితిని కదా" అన్నారు.

యాభై ఒకటిలో, వేసవిలో, మా దీవికి నీడబొమ్మలాట వచ్చింది. జఫీరిస్ అని ఒక కుర్రాడు. కాఫీ హోటల్ పెరట్లో తెల్లగుడ్డ కట్టి, వెనక దీపం పెట్టి, అట్టబొమ్మలు ఆడించేవాడు. వారం తిరక్కముందే నల్లకోటు బొమ్మ ఒకటి తయారు చేసి "రెండు వార్తాకములు" అనిపించాడు. దీవి దీవంతా కడుపు పట్టుకుని దొర్లింది. అందరికంటే ఎక్కువ నవ్వింది ఫ్రోసో. మర్నాటినుంచి అట్ట కత్తిరించడానికి సాయం వెళ్ళడం మొదలుపెట్టింది. దానికప్పుడు ఇరవై ఏళ్ళు. నేను చెప్పాను కూడా, "ఒసే, మీ నాన్నకి తెలిస్తే కోటు బొత్తాలు తెగిపోతాయే" అని.

"తెగనీవే. గాలైనా తగులుతుంది" అంది.

సెప్టెంబరులో జఫీరిస్‌తో వెళ్ళిపోతానని తండ్రికి చెప్పింది. దొంగచాటుగా పోలేదు, ఎదురుగా నించుని చెప్పింది. మాస్టారు మూడు రోజులు నోరు విప్పలేదు. పడవ వచ్చిన రోజు మాత్రం నల్లకోటు వేసుకుని రేవుకొచ్చారు. వలలు బాగుచేసేవాళ్ళూ, కాఫీ తాగేవాళ్ళూ అందరూ లేచి నించున్నారు. నేను కిటికీలోంచి తలంతా బయటికి పెట్టాను. ఈయన మెత్తబడ్డాడు, దీవించడానికే వచ్చాడు అనుకున్నాను. ఫ్రోసో కూడా అదే అనుకుంది పాపం. దాని మొహం వెలిగిపోయింది. ఈసారి పడవ మీదున్నది అది, రేవులో ఉన్నది ఆయన. పడవ కదలగానే కమ్మీ పట్టుకుని ముందుకి వంగి అడిగింది.

"పొతె?"

మళ్ళీ ఎప్పుడు రమ్మంటావు నాన్నా, అని.

మాస్టారు అదే మాట వెనక్కి విసిరారు. ఒత్తు మాత్రం చివరికి నెట్టారు.

"పొతె!"

ఎన్నటికీ వద్దు. ఏటా రెండు రోజులు తిట్టిపోసిన ఆ వీధి భాషలోనే, ఊ లేకుండా, ఊరందరి ముందు అన్నారు. ఫ్రోసో చెయ్యి ఊపబోయి అలాగే ఆపేసింది. పడవ మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి గాల్లోనే ఉంది.

ఆ తర్వాత రెండేళ్ళు మాస్టారు బడికి వెళ్ళారు, వచ్చారు. పిల్లలు నాకు ఒక సంగతి చెప్పారు. ఆ పాఠం వచ్చేసరికి ఆయన పేజీ తిప్పేస్తున్నారట. ఒకసారి ఓ పిల్ల లేచి, "మాస్టారూ, పొతె చెప్పలేదు" అందట. "అది మీకు వచ్చును" అని ఊరుకున్నారట.

యాభై మూడులో, ఈస్టర్ ముందు మంగళవారం, మాస్టారు నా కిటికీ దగ్గరికి వచ్చారు. చేతిలో సిద్ధెరిస్ కొట్టు పొట్లం ఉంది. పండక్కి గుడ్లకి వేసే ఎర్రరంగు. ఒంటరి మనిషి, రెండేళ్ళుగా గుడ్డుకి రంగు వేసిన పాపాన పోలేదు. నేను పొట్లం చూశానని ఆయన చూశారు. ఫారం తీసుకుని, గుండ్రటి అక్షరాలతో, ఎక్కడి గీత అక్కడ పెట్టి నింపారు.

'గృహమునకు మరలి రమ్ము. జనకుడు.'

చిరునామా సముద్రానికి అవతల, పెద్ద నేల మీద ఒక రేవు పట్నంలోని సత్రం. బొమ్మలాట అక్కడుందని పడవవాళ్ళు చెప్పారట. ఆ పట్నం పేరు నేను చెప్పను. ఎందుకో తర్వాత మీకే తెలుస్తుంది.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా నోరూరుకోదుగా. "మాస్టారూ, 'ఇంటికి రా తల్లీ, నాన్న' అని రాయచ్చుగా? మాటలు కూడా అన్నే" అన్నాను.

"నీవు పంపుము. దిద్దకుము."

పంపాను. ఆ రోజు నేను మీట మీద కొట్టినంత శుభ్రంగా జన్మలో ఎప్పుడూ కొట్టలేదు.

మర్నాడు పొద్దున్నే మాస్టారు మంగలి దగ్గర గడ్డం చేయించుకుని, కోటు దులుపుకుని, ఎదురుగా కాఫీ హోటల్లో కూర్చున్నారు. ముందున్న కాఫీ చల్లారిపోయినా ముట్టలేదు. పదకొండింటికి నా యంత్రం మోగింది. ఆ పట్నం నుంచి, ఆయన పేరుకి. నేను పెన్సిలు పట్టుకున్నాను. పెద్ద సందేశం వస్తుందని రెండో కాగితం కూడా పక్కన పెట్టుకున్నాను. ఒకే ఒక్క మాట వచ్చింది. కింద పేరు, ఫ్రోసో.

పొతె.

యంత్రానికి ఒత్తులు తెలీవు. టక్కు, టకా, అంతే. గీతలు రావు, పెద్దక్షరాలు తప్ప చిన్నవి రావు. ప్రశ్న గుర్తుకి ఒక సంకేతం ఉంది కానీ, అవతలి గుమాస్తాలు బద్ధకించి దాన్ని వదిలేయడం మామూలే. ఆ పట్నం పేరు ఎందుకు చెప్పనన్నానో ఇప్పుడు తెలిసిందిగా. కానీ వాళ్ళనని ఏం లాభం? అనుమానం వస్తే 'మళ్ళీ చెప్పు' అని అడగచ్చు, అది మా రూలు. నాకు అనుమానమే రాలేదు. రెండేళ్ళ క్రితం రేవులో విన్న ఆ అరుపు నా చెవిలో ఇంకా అలాగే ఉంది. ఒసేయ్ ఫ్రోసో, ఎంత పగ పట్టావే, ఆయన మాట ఆయన మొహానే కొట్టావా, అనుకున్నాను.

కాగితం పట్టుకుని బయటికెళ్ళాను. మాస్టారు లేచారు. నా కళ్ళు తడిగా ఉన్నాయి, పెదవి వణుకుతోంది. "ధైర్యం తెచ్చుకోండి మాస్టారూ" అన్నాను.

ఆయన ముందు నా మొహం చూశారు. ఆ తర్వాత కాగితం చూశారు.

ఒక్క చూపే. నాలుగు మడతలు పెట్టి కోటు లోపలి జేబులో పెట్టుకున్నారు. "ఆ మాట నాదే. నాకు మరలించినది" అన్నారు. ఎర్రరంగు పొట్లం జేబులోంచి తీసి నా చేతిలో పెట్టారు. "మీ పిల్లలకు." అంతే, మెట్లెక్కి ఇంటికి వెళ్ళిపోయారు. ఆ రంగుతోనే మా పిల్లల గుడ్లకి వేశాను. ఇప్పుడు తలుచుకుంటే నా చేతులు నాకే అసహ్యం వేస్తాయి.

పదకొండేళ్ళు గడిచాయి. మాస్టారు ఉద్యోగం మానేశారు. పడవ వచ్చే వేళకి నా ఆఫీసు ముందు బల్ల మీద వచ్చి కూర్చునేవారు, సముద్రానికి వీపు పెట్టి, నా గోడకేసి చూస్తూ. దిగేవాళ్ళ అడుగుల చప్పుడు మాత్రం వినేవారు. ఎందుకలా కూర్చుంటారని ఎవరూ అడగలేదు. వెనక నుంచి "రాయిరా అది" అనడం మాత్రం మానలేదు.

అరవై నాలుగు జూలైలో జఫీరిస్ దిగాడు. ఒక్కడే. తల నెరిసింది, ఎడమ కాలు కుంటుతున్నాడు. గుడ్డా లేదు, బొమ్మలూ లేవు, సినిమా వచ్చి వాడి ఆట మింగేసిందట. చేతిలో ఒక రేకు డబ్బా మాత్రం ఉంది. బల్ల మీద నల్లకోటు చూసి ఆగిపోయాడు. నేను లోపలినుంచి పరిగెత్తుకొచ్చి, ఊరు గుమికూడకుండా ఇద్దర్నీ ఆఫీసులోకి లాగి తలుపేశాను.

"ఆమె ఎచ్చట?" అన్నారు మాస్టారు.

"ఎనిమిదేళ్ళయింది పోయి" అన్నాడు జఫీరిస్. "ఊపిరితిత్తుల జబ్బు. మీకు చెప్పకూడదనుకున్నాను. తండ్రనిపించుకోని మనిషికి ఎందుకు చెప్పాలి? ఇప్పుడు నాకూ ఒంట్లో బాలేదు. ఇవి నా తర్వాత ఎవరో చెత్తలో పోస్తారని తెచ్చాను, మీ మీద ప్రేమతో కాదు."

మాస్టారు గోడ పట్టుకుని కూర్చున్నారు. పదకొండేళ్ళలో ఎనిమిదేళ్ళు, లేని మనిషి అడుగుల చప్పుడు కోసం చెవి ఒగ్గారన్నమాట ఆయన. జఫీరిస్ ఆగలేదు. వాడి కోపం కూడా అన్నేళ్ళ నుంచి లోపలే ఉడుకుతున్నది కదా.

"పిలిచారుగా! పిలిచి, మళ్ళీ నోరు మూసుకున్నారే, అదెక్కడి మనిషితనం? ఎనిమిది రోజులు కూర్చుంది మీ జవాబు కోసం. మా వాళ్ళంతా బండి కట్టుకుని పక్కూరు పోయినా అది కదల్లేదు. ఈస్టర్ రోజు ఆఫీసు మూసేస్తే, మెట్టు మీద కూర్చుంది."

"ఏ జవాబు?" అన్నారు మాస్టారు.

"ఎప్పుడు రమ్మంటావని అడిగిందిగా!"

 జఫీరిస్ డబ్బా తెరిచి, అట్టబొమ్మల ముక్కల కింద నుంచి ఒక ఫారం తీశాడు. అవతలి ఆఫీసులో మొదట తప్పు గడిలో రాయడంతో పనికిరాకుండా పోయిన ఫారమట, ఫ్రోసో దాన్ని దాచుకుందట. ఫ్రోసో చేతిరాత, చిన్నక్షరాల్లో. పొతె. ముందు అక్షరం మీద గీత, నిలువుగా, నిక్కచ్చిగా, తండ్రి నేర్పినట్టే. చివర ప్రశ్న గుర్తు.

"నేను చెప్పాను" అన్నాడు జఫీరిస్, గొంతు తగ్గింది. "ఒక్క మాటేంటే, కాస్త వివరంగా రాయి అన్నాను. నవ్వింది. 'నీకు తెలీదు, ఇది మా ఆట' అంది. 'ఒకటే అడగాలి, ఒకటే చెప్పాలి. ఆ రోజు రేవులో మా నాన్న ఒత్తు చివరికి నెట్టేశాడు. నేను మళ్ళీ ముందుకి తెచ్చి పెడుతున్నా. చూడగానే తెలుస్తుంది ఆయనకి, ప్రపంచంలో ఎవరికి తెలియకపోయినా ఆయనకి తెలుస్తుంది' అంది."

 వాడే మళ్ళీ అందుకున్నాడు. "తొమ్మిదో రోజు తలగుడ్డ కట్టుకుని లేచింది. 'పిలిచి మనసు మార్చుకున్నాడు, పోదాం పద' అంది. ఆ తర్వాత మీ పేరెత్తలేదు."

రాయచ్చుగా ఒక ఉత్తరం, అని మీరంటారు. ఆయనైనా రాయచ్చుగా, అని కూడా అంటారు. నేనూ అన్నాను, గోడకేసి తల కొట్టుకుంటూ చాలాసార్లు అన్నాను. ఇద్దరిదీ ఒకటే మొండితనం, ఒకటే రక్తం. పిలిచింది నేను, వద్దంది తను, అని ఈయన. అడిగింది నేను, మాట్లాడంది ఆయన, అని అది. ఇద్దరూ ఎదుటివాళ్ళ మాట కోసమే కూర్చున్నారు.

మాస్టారు లోపలి జేబులోంచి నేనిచ్చిన కాగితం తీశారు. పదకొండేళ్ళు అక్కడే ఉన్నట్టుంది, మడతల దగ్గర చిరిగి నాలుగు ముక్కలైంది. ఆ ముక్కలు నా బల్ల మీద పేర్చి, పక్కన కూతురి ఫారం పెట్టారు. రెండింటి మీదా వేలు పెట్టి చదివారు, ఒకటో తరగతి పిల్లాడిలా.

"మరిగో" అన్నారు. "ఊ ఏదే?"

నేను నోట్లో తలగుడ్డ కొస కుక్కుకున్నాను.

"ఇందులో ఊ ఎక్కడుందే? నాకు చూపించు. నలభై ఏళ్ళు చెప్పానే. ఊ లేకపోతే ఎన్నటికీ కాదు అనేదే లేదని నలభై ఏళ్ళు చెప్పానే. పిల్లల చేతులు వాచేలా కొట్టానే." అప్పుడు గమనించాను, ఆయన గ్రాంథికం మానేశారు. మాలాగే మాట్లాడుతున్నారు. "మూర్ఖుడిలా వీధి చదువు చదివానే. ఎవరు రాశారో చూడకుండా చదివానే."

"తప్పు నాది మాస్టారూ" అన్నాను. "నేనే ఏడుపు మొహం పెట్టుకుని తెచ్చాను. మీరు కాగితం కంటే ముందు నా మొహం చదివారు. నేను నవ్వుతూ తెచ్చుంటే మీరు ఎప్పుడు అనే చదివుండేవారు."

ఆయన నా మాట విన్నారో లేదో తెలీదు. కుడిచెయ్యి బల్ల మీద చాపారు. అరచెయ్యి కిందకి, కణుపులు పైకి. మేం స్కేలు దెబ్బ కోసం చాపేవాళ్ళం చూడండి, అచ్చం అలాగే. చాపి, కళ్ళు మూసుకుని ఆగారు. ఎవరు కొడతారు? జఫీరిస్ తలుపు తీసుకుని బయటికి పోయాడు, మెట్ల మీద వాడి ఏడుపు వినబడింది. నేను ఆ కణుపుల మీద నా చెయ్యి పెట్టాను. ఎముకలు తప్ప ఏం లేవు ఆ చేతిలో.

చాలాసేపటికి కళ్ళు తెరిచి, "ఒక ఫారం ఇవ్వు" అన్నారు.

ఇచ్చాను. పేరు దగ్గర ఎవ్ఫ్రొసీని అని రాయలేదు. ఫ్రోసో అని రాశారు, ఆయన చేత్తో ఆ పేరు రాయడం అదే మొదలు. చిరునామా ఆ పట్నం, ఆ సత్రమే. సందేశం ఒక్క మాట. పాత భాషలోది కాదు, ఎల్లీ కాదు, మఱునాడూ కాదు.

'ఇవాళే.'

లేని మనిషికి టెలిగ్రాం పంపకూడదని రూలు ఎక్కడైనా ఉందేమో నాకు తెలీదు. నేను మీట ముందు కూర్చుని పంపాను. ఆయన పక్కనే నించుని ప్రతి టక్కూ విన్నారు. అయిపోయాక ఫారం వెనక్కి లాక్కుని, ఒత్తు గీత సరైన అక్షరం మీద ఉందో లేదో మళ్ళీ ఒకసారి చూసుకుని వెళ్ళారు.

రెండు రోజులకి ఆ పట్నం నుంచి కబురొచ్చింది. ఆ పేరు గలవారు ఇక్కడ లేరు, అని. రూలు ప్రకారం పంపినవాళ్ళకి అందజేయాలి. నేను అందజేయలేదు. అది ఇప్పటికీ నా సొరుగులో ఉంది, ఉద్యోగం పీకేస్తారంటే పీకేయమనండి.

ఆ తర్వాత నాలుగేళ్ళు బతికారాయన. రోజూ పదకొండింటికి వచ్చేవారు. ఇప్పుడు బల్ల మీద సముద్రంకేసి తిరిగి కూర్చునేవారు. లేచి వెళ్ళేముందు కిటికీ దగ్గర ఆగి అడిగేవారు.

"వచ్చిందా?"

"ఇంకా లేదు మాస్టారూ."

ఆయనకి మతి పోయిందని ఊరివాళ్ళన్నారు. మతీ పోలేదు, మన్నూ పోలేదు. కూతురు చచ్చిపోయిందని ఆయనకి తెలుసు, నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకీ తెలుసు. అయినా 'ఇంకా లేదు' అన్నప్పుడు ఆ మాటని ఒకసారి లోపల తిప్పి చూసుకునేవారు. అదీ కాలం చెప్పే చిన్న మాటే కదా. అందులో 'ఎన్నటికీ' లేదు. తల ఊపి, కోటు సర్దుకుని, మెట్లెక్కేవారు.

నేను మాత్రం రోజూ పదకొండుకి అయిదు నిమిషాల ముందే కళ్ళు తుడుచుకుని, కిటికీ అద్దంలో నా మొహం ఒకసారి చూసుకుని సరిచేసుకునేదాన్ని. ఎందుకంటే ఆయన ముందు మొహమే చదువుతారు, మాట వినేది ఆ తర్వాత.